గ్రంథి పడుకుంటే గృహశాంతి

యాభై దాటిన ఇల్లాలి గొంతులో థైరాయిడ్ గ్రంథి పని మానేసిందా? అయ్యా, మీరు అదృష్టవంతులు! ఇక మీ ఇంటికి శాంతి హోమాలతో పనిలేదు.

నమ్మరా? దర్శిలో లక్ష్మీనరసింహం మాస్టారిని చూడండి. బడిలో బెత్తంతో పులిలా తిరిగి రిటైరైన ఆ పెద్దమనిషి, ఇంట్లో ఏనాడూ నోరెత్తి ఎరుగరు. ఆయన భార్య బాలత్రిపురసుందరి గారు వంటింట్లో కేకేస్తే బస్టాండులో బస్సు ఆగేది!

అలాంటావిడ ముట్లుడిగాక క్రమంగా చల్లబడ్డారు. గొంతు బొంగురుపోయింది. ఒళ్ళొచ్చింది. పూటలో అయ్యే పని రోజంతా చేసినా తెమలదు. ఊరంతా విసనకర్రలతో విలవిల్లాడే రోహిణీ కార్తెలో, ఆవిడ దుప్పటి కప్పుకుని ఎండలో చలి కాచుకున్నారు!

మాస్టారికి ఎంత సుఖం! నస్యం పీల్చినా అడిగేవారు లేరు. పేకాట నుంచి ఎప్పుడొచ్చినా "ఇప్పుడా రావడం?" లేదు. రేడియోలో వార్తలు మొదటి నుంచి చివరిదాకా వినబడుతున్నాయి.

"నాకేదో అవుతోందండీ. ఒక్కసారి గుంటూరు తీసుకెళ్ళండి," అని ఆవిడ అడుగుతూనే ఉన్నారు.

"నీకేమే, నిక్షేపంలా ఉంటేనూ! ఒళ్ళు కూడా చేశావు," అనేవారాయన.

"ముట్లుడిగాక అందరికీ ఉండేదేనమ్మా," అని పక్కింటి కోటేశ్వరమ్మ గారు తేల్చేశారు. ఇద్దరు చెప్పాక మధ్యలో డాక్టరెందుకు?

ఇంతలో ఘోరం జరిగింది. వడ్డన ఆలస్యమైందని మాస్టారే లేచి కొరివికారం జాడీకి కట్టిన వాసెన గుడ్డ విప్పారు. పండుమిరపకాయలు తొక్కి ఏడాదికి సరిపడా పెట్టిన పచ్చడి! పైనంతా తెల్లగా బూజు! మతిమరుపులో ఆవిడ ఉప్పు వేయలేదు.

మిరపకాయ పండే సీమలో కొరివికారం లేని ఏడాదా? వేడన్నంలో మనిషి ఏం కలుపుకోవాలి? మాస్టారు భార్యను వెంటబెట్టుకుని పరుగెత్తారు. చొక్కా గుండీలు గుంటూరు బస్సులో పెట్టుకున్నారు.

డాక్టరు గారు ఆవిడ గొంతు తడిమి, నాడి చూశారు. "థైరాయిడ్ మందగించినట్టుంది. రక్తం పరీక్ష చేయిద్దాం. ఈ వయసు ఆడవాళ్ళలో చాలామందికి వస్తుంది, మందుంది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"ఇవాళ పొద్దుటి నుంచండీ," అన్నారు మాస్టారు ఠక్కున. "జాడీ విప్పిన దగ్గర్నుంచి!"

సుందరి గారు దుప్పటి సర్దుకున్నారు.

"పచ్చడికి బూజు పట్టింది ఈ యేడేనండీ," అన్నారు బొంగురు గొంతుతో. "నాకు పట్టి రెండేళ్ళయింది."

అందుచేత తల్లులారా, ఒంట్లో నలతగా ఉందని ఇంట్లో చెప్పి నోరు నొప్పి పెట్టుకోకండి. ఈసారి పచ్చట్లో ఉప్పు మానేయండి!