నలభై ఏడో ఎర్ర చుక్క

ఆవేళ పొద్దున్న అమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. కూతురు మరిచిపోయిన గొడుగు తీసుకెళ్ళి ఆమె ఆఫీసులో ఇవ్వడం. గొడుగు మరిచిపోయి మూడు నెలలైంది. కూతురు ఇంటికి వచ్చి కూడా అన్ని నెలలే. ముందురోజు నాలుగు చినుకులు పడేసరికి అమ్మకి సాకు దొరికింది.

కూతురు నగర దీపాల శాఖలో ఇంజనీరు. రెండువందల ఏళ్ళనాటి గడియారం కూడలిలో కళ్ళు జిగేల్మనే లైట్లు తీసేసి, రాతిగోడల పాదాల దగ్గర చిన్న దీపాలు పెట్టాలని రెండేళ్ళుగా నమూనా గీస్తోంది. అది ఖరారయ్యేది ఆరోజే. ఆ పని కోసం ఆఫీసు దగ్గరే గది తీసుకుంది. రోజూ చీకటిపడ్డాక కూడలి మీదుగా ఒక్కతే నడిచి వెళ్తుంది. ఆ సంగతి విన్నప్పటి నుంచీ అమ్మకి కంటిమీద కునుకు లేదు.

"మా అమ్మాయి కోసమండీ. రాత్రిళ్ళు ఆ కూడలి మీదుగా..." అంటూ కౌంటరు దగ్గర మొదలుపెట్టింది.

కొత్త దీపాల మీద అభిప్రాయం చెప్పడానికి వచ్చిందనుకుని, గుమస్తా తలెత్తకుండా కూడలి పెద్ద మ్యాపు, ఎర్ర చుక్కల అట్ట చేతిలో పెట్టాడు. "చీకట్లో మీకు ఎక్కడెక్కడ భయమో అక్కడ ఒక్కో చుక్క అంటించండమ్మా. ఇవాళే ఆఖరు."

నీ భయమేమిటని ఇన్నేళ్ళలో ఆమెను అడిగినవాళ్ళు లేరు. కళ్ళజోడు పెట్టుకుంది. ఫౌంటెను గట్టు మీద కాలు జారచ్చు, ఒక చుక్క. విగ్రహం వెనక ఎవడైనా నక్కి ఉండచ్చు, రెండు. గడియారం ముల్లు ఊడి నెత్తిన పడచ్చు. బెంచీ కింద పాముండచ్చు.

"ఇంకో అట్ట ఉందా బాబూ?"

చివరికి మ్యాపులో చోటు అయిపోయింది. మిగిలిన ఒక్క చుక్కా అంచు దాటి తెల్లకాగితం మీద అంటించింది.

గుమస్తా మ్యాపు చూసి అధికారి గదికి పరుగెత్తాడు. "ఊరంతా కలిసి తొమ్మిది పెట్టారు సార్. ఈవిడొక్కతే నలభై ఆరు, అంచు బయట ఇంకోటి."

"ఏదో చూసుంటుందయ్యా," అన్నాడు అధికారి గొంతు తగ్గించి. ఆ మాట రెండో అంతస్తు చేరేసరికి హత్య అయింది, మూడో అంతస్తులో రెండు హత్యలు. మధ్యాహ్నానికల్లా చిన్న దీపాలు వద్దు, జైలుకి పెట్టే స్తంభం లైట్లే కావాలన్నారు. ఇంజనీరుకి కబురు వెళ్ళింది. పరుగున వచ్చిన ఇంజనీరు గొడుగుని గుర్తుపట్టింది.

"నువ్వా? అమ్మా, అసలు నువ్వెప్పుడైనా రాత్రిపూట అక్కడికి వెళ్ళావా?"

"నేనెందుకు వెళ్తానే? వెళ్ళేది నువ్వు కదా."

అధికారి దగ్గాడు. "నమూనా నిలబడాలంటే దారి ఒకటే. ఒక్కో చుక్క దగ్గర చీకటిపడ్డాక మీరే ఈవిణ్ణి నిలబెట్టి, భయం లేదని సంతకం పెట్టించుకోవాలి. రోజుకొకటి."

కూతురు తల పట్టుకుంది. ఏ దీపమూ మార్చకుండానే అమ్మ మొహం వెలిగింది.

"మరి ఈ బయట చుక్కేంటి?" అంది కూతురు.

"అది మనిల్లు. మ్యాపులో లేదు మరి."

"ఇంట్లో ఏం భయం?"

అమ్మ గొడుగు పిడి తుడిచింది. "భయమేం లేదులే. చీకటిపడగానే అన్ని గదుల్లోనూ లైట్లు వేసేస్తాను."

కూతురు అంచు బయటి చుక్క మీద వేలు పెట్టింది. తర్వాత కలం తీసింది. "ఇవాళ దీంతోనే మొదలుపెడతాను."

"అది మన పరిధిలోకి రాదు మేడం," అన్నాడు గుమస్తా. "దానికి ఫారం లేదు."