త్రిత్వం తరువాత ఎనిమిదో ఆదివారం

సంఘ సభ్యులకు తెలియజేయడమేమనగా, ఏ ఆదివారం ఏ బైబిలు పాఠం చదవాలో ఏడాది మొత్తానికీ పట్టిక అచ్చయి వచ్చింది. కాబట్టి ఎవరు ఏ ఆదివారం ఊళ్లో ఉండకూడదో ఇప్పుడే చూసుకోవచ్చు. చర్చి నోటీసు బల్ల మీద రెండో వాక్యం రాయలేదు. రాయకపోయినా అందరూ చదువుకున్నారు.

లూథరన్ సంఘంలో ఉన్న సౌకర్యమే అది. పాస్టరు తనకు తోచిన వాక్యం తీసి, తనకు గిట్టనివాడి మీద ప్రసంగించడానికి వీల్లేదు. పట్టికలో ఏది ఉంటే అదే చదవాలి, దాని మీదే చెప్పాలి. అందుకని గుమ్మంలో పడి ఉన్న బిచ్చగాడు లాజరును పట్టించుకోని ధనవంతుడి పాఠం వచ్చే ఆదివారం మూడంతస్తుల బట్టల కొట్టు యజమానికి ఏటా నడుము పట్టేసేది. విందుకు పిలిస్తే సాకులు చెప్పినవాళ్ల పాఠం నాడు పదకొండు మందే వచ్చేవారు. మిగతావారు తమ సాకులను శనివారమే పంపించేవారు. అంత మర్యాదస్థుల సంఘం అది.

పాస్టరు అయ్యగారు ఇవన్నీ చూస్తూ తొమ్మిదేళ్లు నెట్టుకొచ్చారు. ఈ ఏడాదితో ఆయనకు విశ్రాంతి. పోయేలోగా ఆయనకున్న కోరిక ఒక్కటే: వానాకాలంలో ఒక్క ప్రసంగమైనా ఆసాంతం చెప్పాలని. ప్రసంగ పీఠానికి సరిగ్గా పైన కప్పు కారుతుంది. రెండో పేజీ అయ్యేసరికి చుక్కలు మొదలై మూడో పేజీ సిరా అంతా కొట్టుకుపోతుంది. ఆ చిల్లును సంఘమంతా దేవుడిచ్చిన వరంగా భావించింది. ఆదివారం భోజనాలు వేళకు జరిగేది దాని చలవ వల్లే.

బాగుచెయ్యడం కష్టమేమీ కాదు. సంఘంలోనే ఇద్దరు అన్నదమ్ములున్నారు, తమ్ముడు పైకప్పులు వేస్తాడు. ఆ ఎత్తుకు అందే నిచ్చెన ఊళ్లో ఒక్కటే ఉంది, అది గడియారాలు బాగుచేసే అతని అన్న ఇంట్లో ఉంది. తండ్రి పోయినప్పుడు పనిముట్లన్నీ తమ్ముడికి, నిచ్చెన అన్నకు వచ్చాయి. అన్న ఏనాడూ స్టూలు కూడా ఎక్కి ఎరగడు. అయినా నిచ్చెన ఇవ్వలేదు. తమ్ముడు అడగలేదు. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు.

వానలకు ముందు వచ్చే త్రిత్వ పండుగ తరువాత ఆరో ఆదివారం పాఠం వీళ్ల కోసమే ఉన్నట్టు ఉంటుంది: నీ మీద సహోదరుడికి కోపముంటే కానుకను బలిపీఠం ముందే వదిలేసి, ముందు వెళ్లి సమాధానపడమంటుంది. ఆ రోజున అన్నదమ్ములిద్దరూ ఊరు దాటి చెరో దిక్కుకు పోయేవారు. ఏడో ఆదివారం రొట్టెలు పంచిన పాఠం, దానివల్ల ఎవరికీ హాని లేదు, కనుక ఇద్దరూ తప్పక వచ్చేవారు. ఎనిమిదో ఆదివారం అయ్యగారే ఉండేవారు కాదు. తన అక్కగారికి ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టేవారు. మిగతా యాభై ఒక్క వారాలూ ఆవిడ ఆరోగ్యంగానే ఉండేది.

ఈసారి అయ్యగారు సాహసం చేశారు. ఆరో ఆదివారం రొట్టెలు పంచేసి, ఏడో ఆదివారం సహోదరుల పాఠం తెరిచారు. అన్నదమ్ములు చెరో వరుసలో దొరికిపోయారు. తడిసిన కాగితంతో ఆయన చెప్పగలిగినంత చెప్పారు. అన్న తమ్ముడి వైపు చూసి తల పంకించాడు. తమ్ముడు అన్న వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు. ఆరాధన అయ్యాక ఒకరి తరువాత ఒకరు వచ్చి, మావాడికి బాగా తగిలిందని అయ్యగారి చెయ్యి పట్టుకుని మరీ చెప్పి వెళ్లారు.

వ్యవహారం అక్కడితో ఆగేదే. కానీ సంఘ కార్యదర్శి ఒకప్పటి హెడ్మాస్టరు. ఆయన పట్టిక తీసి సరిచూసి, క్రమభంగం జరిగినట్టు ప్రకటించారు. అప్పటికి గాని అన్నదమ్ములకు ఆ ప్రసంగం ఎవరి మీదో తెలియలేదు. మంగళవారం ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి అయ్యగారింటికి వచ్చారు.

"ఏడో పాఠానికని వచ్చి కూర్చుంటే ఆరోది వినిపించారు. ఇదేం న్యాయం అయ్యగారూ?" అన్నాడు అన్న.

"అన్న చెప్పింది నిజమండీ. పని మానుకుని మరీ ఊరు దాటి పోయింది దేనికి?" అన్నాడు తమ్ముడు.

తొమ్మిదేళ్ల తరువాత ఒకరి మాట ఒకరు బలపరచుకున్నారు. అయ్యగారికి గుండె నిండిపోయింది.

"పట్టికంటే పట్టికే. ఈ ఆదివారం మీరు అక్కగారింటికి పోవడానికి వీల్లేదు. ఎనిమిదోది మీరే చదవాలి, మీరే చెప్పాలి" అన్నాడు అన్న.

లోపలి నుంచి అయ్యగారి భార్య, అంటే సంఘానికి అమ్మగారు, "నేనూ ఇన్నేళ్లుగా అదే వినాలనుకుంటున్నా నాయనా" అన్నారు.

ఎనిమిదోది గొర్రె తోలు కప్పుకుని వచ్చే తోడేళ్ల పాఠం. అంటే అబద్ధ బోధకులది.

అందులో ఒక్క ముక్క కూడా తడవకూడదని గురువారమే నిచ్చెన వచ్చింది. అన్న కింద పట్టుకున్నాడు, తమ్ముడు ఎక్కాడు, చిల్లు మూసేశారు. ఆదివారం బెంచీలు చాలక కుర్చీలు తెప్పించారు. బట్టల కొట్టు యజమాని నడుము నిటారుగా పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. బయట వాన దంచుతోంది. లోపల చుక్క పడలేదు. అయ్యగారు మొదటి పేజీ చదివారు, రెండోదీ చదివారు, మూడోది తిప్పారు. అది తెల్లగా ఉంది. ఎలాగూ కొట్టుకుపోతుందని ఆయన మూడో పేజీ రాయడం ఏనాడో మానేశారు.

ఆ తెల్ల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మా అక్కకు ఎప్పుడూ ఒంట్లో బాగానే ఉండేది" అన్నారు. ఆయన ఉద్యోగంలో అంత చిన్న ప్రసంగం మరొకటి లేదు, అంత మంచిదీ లేదు. అమ్మగారు మొదటిసారి ఆయన ప్రసంగానికి కళ్లు తుడుచుకున్నారు. సంఘమంతా సంతోషంగా ఇంటికి పోతూ, పాపం అయ్యగారికి బాగా తగిలిందని చెప్పుకుంది. సోమవారానికల్లా తొమ్మిదో ఆదివారానికి రెండు, పదో ఆదివారానికి నాలుగు సెలవు చీటీలు వచ్చాయి.

పదకొండో ఆదివారానికి మాత్రం ఏ ఏడూ ఒక్క చీటీ రాదు. నేను ఇతరులలాంటి వాణ్ణి కానందుకు వందనాలని ప్రార్థించిన పరిసయ్యుడి పాఠం ఆ రోజు. అది తమ గురించేమోనని ఇంతవరకు ఒక్కరికీ అనుమానం రాలేదు. చర్చి కిటకిటలాడుతుంది. అయినా ఇంతసేపూ వీళ్లను చూసి నవ్విన మీకోసం ముందు వరుసలోనే చోటు ఉంచారు.