జేబులో సిగరెట్ ప్యాకెట్

గురువారం పొద్దున మదన్‌మోహన్ ఇంట్లో అనుకున్న పని చాలా చిన్నది. రాయికోడ్ నుంచి వెంకట్ కుటుంబం వస్తుంది, ఉప్మా తింటుంది, వెంకట్ కొడుకుతో కూతురు దీక్షిత సంబంధం ఖాయమవుతుంది. పిల్లకు అబ్బాయి ఫొటోలోనే నచ్చేశాడు.

అడ్డం ఒక్కటే, ఇంటాయన దగ్గు. జన్మలో బీడీ ముట్టని మనిషికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇది పుట్టుకతో రక్తంలో వచ్చిన లోపం కావచ్చని, పిల్లలకూ రావచ్చని డాక్టర్ అన్నాడు. తండ్రీకూతుళ్ల రక్తం తీసుకున్నాడు. రిపోర్టు ఇంకా రాలేదు.

"నెత్తుర్ల ఉన్న జబ్బని తెలిస్తే పిల్లను ఎవరు చేసుకుంటరు?" అంది భార్య మనోరమ. "సిగరెట్లు తాగుతడని చెప్తా." మగవాడి దురలవాటును లోకం క్షమిస్తుంది, రక్తంలోని రోగాన్ని క్షమించదు. ఏం లోకమో! ఆమె దుకాణం నుంచి ప్యాకెట్ తెప్పించి మొగుడి జేబులో పెట్టింది.

"నేనా? సిగరెట్లా?"

"నోరు మూసుకొని దగ్గుండ్రి."

వాళ్లు వచ్చారు. ఆయన దగ్గాడు.

"సిగరెట్లన్నా. రోజుకు నాలుగు," అంది మనోరమ, వెంకట్ అడగకముందే.

కోడలికి సాయంగా అత్త చెన్నమ్మ అందుకుంది. "నాలుగేంది? ప్యాకెట్ ఖతం చేస్తడు!"

సంబంధం కుదిర్చిన పక్కింటి ఇర్షాద్ భాయ్ ఊరుకుంటాడా? "రెండు ప్యాకెట్లు! చిన్నప్పటి సంది!"

వెంకట్ ఉప్మా ప్లేటు కింద పెట్టాడు. "మా నాయన బీడీలకే పోయిండు. పొగ తాగేటోళ్లతోని వియ్యం వద్దని అమ్మకు మాటిచ్చిన. తప్పు పట్టకుండ్రి." లేచి నిలబడ్డాడు.

మదన్‌మోహన్ గబుక్కున అడ్డం వచ్చాడు. గుమ్మం దగ్గర కూతురు కొత్త చీరలో నిలబడి అంతా వింటోంది. "ఆగు వెంకటన్నా! ఒట్టు, నేను జన్మల ఒక్క సిగరెట్..." మిగతా మాటను దగ్గు మింగేసింది. వంగి వంగి దగ్గుతుంటే జేబులోని ప్యాకెట్ జారి వెంకట్ కాళ్ల దగ్గర పడింది. ఇక ఎవరు నమ్ముతారు?

వారానికి దవాఖానలో రిపోర్టు చేతికొచ్చింది. డాక్టర్ నవ్వుతూనే చెప్పాడు.

"మీది పుట్టుకతో వచ్చిందే. అమ్మాయికి సగం లోపమే ఉంది, ఊపిరితిత్తులు మంచిగున్నయి. ఫికర్ లేదు. పొగ మాత్రం తగలొద్దు. పెండ్లి చేస్తే జర పొగ తాగనోళ్ల ఇల్లు చూడుండ్రి."

మనోరమ తల దించుకుంది. దీక్షిత కిటికీ వైపు తిరిగింది.

"దొరికింది సార్, రాయికోడ్‌ల," అన్నాడు మదన్‌మోహన్. "మేమే వాళ్లకు పనికిరాలే."