తప్పు ఒప్పుకున్న తమ్ముడు

వీధిలో అందరూ అద్దాలాయన అని పిలిచే కళ్లద్దాల షాపు యజమాని, ఆ రోజు బ్యాంకుకు వెళ్లి తన పొదుపంతా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలనుకున్నాడు. పాతికేళ్లు ఫ్రేములకు మరలు బిగించి కూడబెట్టిన సొమ్ము అది. అయినవాళ్ల పేరు చెప్పి ఫోన్లో ముంచుతున్నారని పేపర్లో చదివి చదివి, షాపుకు వచ్చినవాళ్లకు ఈమధ్య అద్దాలతోపాటు జాగ్రత్తలు కూడా అంటగడుతున్నాడు.

షట్టర్ ఎత్తాడో లేదో, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నయ్యా, నేను. ఇది కొత్త నంబరు. అప్పుడు నేనలా మాట్లాడకుండా ఉండాల్సింది. తప్పు నాదే."

ఆరేళ్ల కిందట ఒక పెళ్లిలో మాటా మాటా పెరిగినప్పటి నుంచి తమ్ముడితో మాటల్లేవు. గొంతు వాడిదే. కానీ ఇప్పుడు గొంతులు కూడా తయారుచేస్తున్నారట. పైగా వాడు బుద్ధెరిగాక తప్పు నాదే అన్న పాపాన పోలేదు. అద్దాలాయన పరీక్ష పెట్టాడు.

"చిన్నప్పుడు నాన్న రేడియో పగలగొట్టిందెవరు?"

"నేనే అన్నయ్యా."

దొంగ దొరికిపోయాడనుకున్నాడు అద్దాలాయన. ఆ రేడియో పగలగొట్టింది తనే. మాటలున్నన్నాళ్లూ సందు దొరికితే ఆ సంగతే ఎత్తిపొడిచిన తమ్ముడు, ఇప్పుడు దాన్ని తన నెత్తిన వేసుకుంటాడా? నోటికొచ్చినట్టు తిట్టి ఫోన్ పెట్టేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. తమ్ముడి పేరుతో ఒక దొంగ తిరుగుతున్నాడని, ఫోన్ ఎత్తవద్దని నంబరుతో సహా బంధువులందరికీ మెసేజ్ పెట్టాడు. షాపు మూసి బ్యాంకుకు పరుగెత్తి, అక్కడి అమ్మాయి ప్రాణం తోడేశాడు. ఆమె విసిగిపోయి, రేపటిదాకా ఖాతాలోంచి ఎవరూ, చివరికి ఆయన కూడా పైసా కదపకుండా ఆపేసింది. డిపాజిట్ సంగతి ఆయనకు గుర్తే రాలేదు.

మూడింటికి మరో ఫోన్. బ్యాంకు హెడ్డాఫీసు నుంచట. మాటకు ముందొక సార్, వెనకొక సార్. గుచ్చి గుచ్చి అడిగిన తన జాగ్రత్తను మెచ్చుకునేసరికి అద్దాలాయన కరిగిపోయాడు. ఖాతాకు రక్షణ పెంచుతామంటే, ఫోన్‌కు వచ్చిన ఓటీపీని అంకె అంకె విడదీసి మరీ చదివి వినిపించాడు.

అవతల టకటకా నొక్కిన చప్పుడు. తర్వాత, "ఖాతా ఆపించావేంట్రా ముసలోడా?"

ఆ పైన వచ్చిన తిట్లు విన్నాక గానీ విషయం బుర్రకెక్కలేదు.

సాయంత్రం భార్య షాపుకు వచ్చింది. బస్టాండులో మరిది కనిపించాడని చెప్పింది. అన్నను చూద్దామనే ఊళ్లో దిగాడట. తిట్లు తిన్నాక, మధ్యలో ఎవరైనా సర్దిచెబుతారేమోనని బంధువులకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదట. ఎత్తిన ఒక్క మేనత్త పోలీసులకు పట్టిస్తానందట. వదిన ఎంత బతిమాలినా ఆగకుండా బస్సెక్కేశాడు.

"నాకొక్క మాట చెబితే, మా తోడికోడలికి ఫోన్ చేసి కనుక్కునేదాన్ని కదండీ" అంది.

"మరి రేడియో తనే పగలగొట్టానని ఎందుకన్నాడు?"

"అలా అంటే మీ కోపం పోతుందనుకున్నాడట."

అద్దాలాయన తమ్ముడి కొత్త నంబరుకు ఏడుసార్లు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

మర్నాడు బ్యాంకు అమ్మాయి ఓటీపీ కథంతా విని, పాస్‌వర్డు మార్పించి, ఖాతా మళ్లీ తెరిచింది. పొదుపు పైసాతో సహా భద్రంగా ఉంది.

"ముందే ఆపించారు కాబట్టి బతికిపోయారు. మీ అంత ముందుచూపు ఎవరికుంటుందండీ" అని మెచ్చుకుంది.