అధ్యక్షులవారికీ కొన్ని కష్టాలు

ఒక పెద్ద అడవిలో, అంటే కొట్టేసింది పోగా మిగిలిన పెద్ద అడవిలో, జంతువులకు ఒక సభ ఉండేది. ఎలుగుబంటి వీరభద్రం దానికి అధ్యక్షుడు. కొండముచ్చు కోటయ్య కార్యదర్శి. శనివారాలు పురాణం చెప్పేదీ అతనే. సభలో ఓటంటే తోక ఎత్తడం. ఆ పద్ధతి పెట్టింది కోటయ్య. అతని తోక అంత పొడుగు మరి.

ఆ అడవిలోనే ఓబుళమ్మ అనే బర్రె ఉండేది. ఒకరి జోలికి పోయేది కాదు. పొద్దున్నే తూర్పుకు తిరిగి తల వంచి దేవుణ్ణి తలచుకున్నాకే గడ్డి ముట్టేది. ఆమెకున్నదల్లా ఒక బురదగుంట, ఒక దూడ. ఆ వేసవిలో జోరీగలు కుట్టి దూడకు ఒళ్లంతా పుళ్లు పడ్డాయి. బురదలో పొర్లితే తప్ప దానికి కన్ను మూతపడేది కాదు.

సరిగ్గా అప్పుడే తేనెపట్టు దగ్గర అధ్యక్షులవారికి నాలుగు కాట్లు పడ్డాయి. చల్లగా ఉంటుందని గుంటలో దిగాడు. సుఖంగా ఉంది. మర్నాడు చుట్టూ ముళ్లకంప కొట్టించి, దానికి సభా స్నానశాల అని పేరు పెట్టించాడు.

ఓబుళమ్మ సభకు వచ్చింది. "అయ్యా, నేనేం తప్పు చేశాను? నా బిడ్డను ఈగలు తినేస్తున్నాయి."

కోటయ్య గొంతు సవరించుకున్నాడు. "తప్పు చేస్తే దాన్ని శిక్ష అంటారు తల్లీ. నువ్వు చెయ్యలేదు గనకే ఇది పరీక్ష. దేవుడు తనకు బాగా ఇష్టమైనవాళ్లకే కష్టాలిస్తాడు. ఓర్చుకో, రెండింతలు చేసి ఇస్తాడు."

"ఎప్పుడిస్తాడయ్యా?"

"ఆ మాట అడక్కపోవడమే ఓర్పు."

సభంతా తలలూపింది. ఏదుపంది గంగులు మాత్రం ముళ్లు లేపి, "ఇంతకీ పరీక్ష పెట్టింది దేవుడా, ఎలుగా?" అన్నాడు. అతన్ని బయటికి పంపేశారు.

ఓబుళమ్మ నమ్మింది. మరో వారానికి స్నానశాలకు నీడ కావలసివచ్చి, ఆమె పడుకునే మద్దిచెట్టు కూడా కంప లోపలికి పోయింది. "పరీక్ష పెద్దదైతే ఫలం పెద్దది" అని కోటయ్య అభినందించాడు. ఆమె ఓర్పును మెచ్చి సభ తరఫున మెడలో అడవిమల్లెల దండ వేశారు. ఆకలి మీదున్న దూడ దాన్ని తినేసింది.

దూడ చెవి వెనక కొత్త పుండు చూసి ఆ సాయంత్రం ఓబుళమ్మకు ఏడుపు ఆగలేదు. "సామీ, నీ మీద నమ్మకం పోలేదు. కానీ నేనంటే మరీ ఇంత ఇష్టమా నీకు?" అని అడిగింది. అడిగి, చాలాసేపు నెమరేస్తూ కూర్చుంది.

శనివారం పురాణం కాగానే లేచి నిలబడింది.

"అయ్యా, నాకు అధ్యక్షులవారి బెంగ పట్టుకుంది. ఆయనకు ఒక్క కష్టమూ లేదు. అంటే దేవుడికి ఆయన గుర్తే లేడన్నమాట. మన పెద్దాయనకు అలాంటి గతి పట్టొచ్చా? గుహ, తేనెపట్లు, స్నానశాల అన్నీ ఆయనకు దూరం చేద్దాం. కాస్త ఎండలో ఉంచుదాం. నాకొచ్చిన భాగ్యం ఆయనకూ రానిద్దాం."

జంతువులకు గుండె కరిగింది. పాపం, ఇన్నాళ్లూ మనకు తట్టలేదే అనుకున్నాయి. కోటయ్యకు మాత్రం చిక్కొచ్చిపడింది. కష్టం భాగ్యం కాదంటే పురాణం పోతుంది, అవునంటే ఉద్యోగం పోతుంది.

"ఓటు" అన్నాడు నీరసంగా.

తోకలన్నీ లేచాయి. గాలిని బట్టి ఊగడం అలవాటైన కోటయ్య తోక కూడా దానంతటదే లేచింది. వద్దనేవాళ్లెవరని అడిగితే వీరభద్రం ఒక్కడే వెనక్కి తిరిగి తోక ఎత్తాడు. బెత్తెడు తోక, మూరెడు బొచ్చు. గంగులు దగ్గరికి వెళ్లి శ్రద్ధగా వెతికి, "ఏమీ కనపడలేదండీ" అన్నాడు.

తీర్మానం ఏకగ్రీవం. రెండు ఏనుగులు గుహకు అడ్డంగా, రెండు గుంటకు అడ్డంగా నిలబడ్డాయి.

మూడు రోజులు ఎండలో మాడి, నాలుగోనాడు వీరభద్రం కోటయ్యను పట్టుకున్నాడు. "ఎన్నాళ్లురా ఇది?"

"ఆ మాట అడక్కపోవడమే..."

మాట పూర్తయ్యేలోపు చెంప పగిలింది. కోటయ్య చెట్టెక్కాడు. వీరభద్రం సభలోకి వచ్చి గావుకేక పెట్టాడు. "ఇది పరీక్షా కాదు, గాడిదగుడ్డూ కాదు. ఏ తప్పూ చెయ్యనివాడి గూడు లాక్కోవడం శుద్ధ అన్యాయం."

"నేను మొదటిరోజు చెప్పింది అదేనండి" అంది ఓబుళమ్మ.

ఏనుగులే వెళ్లి కంప పీకేశాయి. దూడ బురదలో దిగి, రెండు పొర్లు పొర్లి, అక్కడే నిద్రపోయింది. ఓబుళమ్మ తూర్పుకు తిరిగి, "రెండింతలొద్దు సామీ, నాది నాకొచ్చింది, చాలు" అని కళ్లు తుడుచుకుంది.

గంగులు పక్కకు చేరాడు. "నిజం చెప్పు అమ్మా. ఆయన మీద జాలిపడే అన్నావా?"

"జాలిపడే అన్నాను నాయనా. మూడు రోజులు కూడా ఓర్చుకోలేడని తెలిసే జాలిపడ్డాను."

నీతి: ఓర్పును మించిన గుణం లేదు, అది ఎదుటివాడికి ఉన్నంతకాలం.