వీపుకొక స్తంభం

సముద్రం నడుమ దీవిలో ఉన్న సలెలువా గ్రామ పెద్దల సభ ఇకమీదట గోడలున్న భవనంలో జరుగుతుందని ఆదివారం ప్రార్థన ముగియగానే ప్రకటించారు. కొబ్బరి వ్యాపారానికి వచ్చిన జర్మనీ దొరలు సముద్రపుటొడ్డున కట్టుకుని, పోతూ పోతూ వదిలేసిన చెక్క బంగళా అది. విదేశీ వారసత్వ సంఘమొకటి దానికి రంగు వేయించి, గుమ్మం పక్కన ఇత్తడి పలక తగిలించింది. చుట్టూ స్తంభాలే తప్ప గోడలెరుగని పాత సభాశాల, మనవాళ్ల ఫాలే, ఆ పలక ముందు వెలవెలబోయింది. అందుచేత దాన్ని విప్పి, స్తంభాలను విశ్రాంతి గృహంలో బల్లలు చేయించడానికి సగౌరవంగా పంపించారు.

కొత్తగా పెద్దరికం పొందిన మనుతాఫీకి చిక్కొచ్చి పడింది. సభలో ఎవరి స్తంభం వారిది. కొసల్లో మహాపెద్దలు, ముందు వరసలో వక్తలు, వెనక వరసలో చిన్నపెద్దలు వీపు ఆనించి కూర్చుంటారు. స్తంభం లేని పెద్దకు నోరు విప్పే హక్కు లేదు. మనుతాఫీది వెనక వరసలో చిట్టచివరిది. పందులు ఒళ్లు రుద్దుకునే స్తంభం. అయినా అతనిదే. బంగళాలో మాత్రం ఎంత వెదికినా నాలుగు గోడలే.

తొలి సభ నిలువుకాళ్ల మీద జరిగింది. ఎవరెక్కడ కూర్చోవాలో తేలక, సభల్లో హోదా వరసన తాగే కావా పానీయపు గిన్నె ముందెవరికివ్వాలో తెలియక, పెద్దలంతా మధ్యాహ్నం దాకా ఎంతో హుందాగా నిలబడ్డారు. ఇంటికి వస్తే భార్య ఫెతూ నిలదీసింది.

"గోడల వెనక నువ్వు సభలో ఉన్నావో, పనసచెట్టు కింద నిద్రపోయావో నాకేం తెలుసయ్యా? మా మేనత్తలు అడిగితే ఏం చెప్పను?"

"ఉన్నాననే చెప్పు."

"కనపడని పెద్దరికానికా మావాళ్లు అన్ని సన్నచాపలు కానుక పెట్టింది?"

ప్రధాన వక్త మొలిమావు వక్తల గుర్తయిన ఈగల కుంచె భుజాన వేసుకుని చరిత్రాత్మకంగా ప్రసంగించాడు. "మహాపెద్దలారా, వారసత్వాన్ని కాపాడాలంటే ముందు మనం కూర్చోవాలి. లోపల స్తంభాలు పాతిద్దాం. కప్పును గోడలు మోస్తున్నాయి గనుక, ఇవి మన వీపులను మోస్తే చాలు." ఆ ప్రకారం తల ఎత్తు వరకే పొట్టి స్తంభాలు పాతారు. చివరి స్తంభానికి చోటు మిగల్లేదు.

"కొన్నాళ్లు గుమ్మానికి ఆనుకో తమ్ముడూ," అన్నాడు మొలిమావు.

"కుక్కలు తొక్కుకుంటూ పోతాయన్నా."

"వాటికీ లోపల పనులుంటాయి మరి."

తర్వాత, ఎవరు దేనికి ఆనుకున్నారో దారినపోయేవారికి కనపడటం లేదన్న న్యాయమైన ఫిర్యాదు మీద గోడలు కోసేశారు. మూలల్లో నాలుగు గుంజలు మిగిలాయి. వారసత్వ సంఘం అధికారి వచ్చి చూసి, ప్రజల చొరవ అమోఘమని రాసుకుని వెళ్లాడు. నాలుగు రోజులకే కప్పు నడుం వంచింది. నడిమధ్యన ఒక పనస దూలం ఊతంగా నిలబెట్టారు. నిలబడింది గనుక అదీ స్తంభమే. స్తంభం గనుక దానికొక పెద్ద కావాలి. అలా మనుతాఫీకి చోటు దొరికింది.

గాలి వీచినప్పుడల్లా కప్పు బరువంతా అతని వీపు వెనక కిర్రుమనేది. పెద్దలు ఆనుకునే స్తంభాల్లో కప్పును మోస్తున్నది అదొక్కటే. దాన్ని అందరికన్నా చిన్నవాడికివ్వడంలో ఎవరికీ వింత కనిపించలేదు.

"ఊరంతా నిన్నే చూస్తోంది," అంది ఫెతూ మురిసిపోతూ. "కాస్త నిటారుగా కూర్చో."

ఊరు చూడటమే కొంప ముంచింది. చిన్నపెద్ద నడిమధ్యన, మహాపెద్దల స్తంభాల కన్నా ఎత్తయిన స్తంభానికి ఆనుకోవడం మర్యాద కాదని మొలిమావు సభ దృష్టికి తెచ్చాడు. దాన్నీ తల ఎత్తుకు కోయాలని ప్రతిపాదించాడు. ప్రతిగా మనుతాఫీకి ముందు వరసలో, అందరూ కాస్త సర్దుకుని, చెక్కడపు పనిచేసిన పొట్టి స్తంభం ఇప్పిస్తానన్నాడు.

మనుతాఫీ వీపు వెనక దూలం కిర్రుమంది. అతను నోరు తెరిచాడు. "అయ్యలారా, ఈ స్తంభం..."

"చెప్పు తమ్ముడూ," అన్నాడు మొలిమావు. "ముందు వరసవాడి మాట మేం వినకపోతే ఎలా?"

రోడ్డు మీద ఫెతూ తన మేనత్తలందరినీ వెంటబెట్టుకుని నిలబడి ఉంది.

"ఈ స్తంభం మరీ పొడుగ్గా ఉందని నాకూ అనిపిస్తోంది," అన్నాడు మనుతాఫీ.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. రంపం వచ్చేలోగా పెద్దలందరూ తమ తమ స్తంభాలకు హాయిగా వీపు ఆనించి, కావా గిన్నె కోసం చేయి చాచారు. తమ ఊళ్లో ఇలాంటి సభలు లేవనుకునే పాఠకులు ఒక్కసారి తలెత్తి కప్పు వంక చూడవచ్చు. వీపు కదల్చనక్కర లేదు.