జింకలకోనలో పాదరక్షాపహరణం

వినుడు, సావధానచిత్తులై వినుడు. పడమటి కొండల మీద బయలుదేరిన వానమబ్బు సగం దారిలో మనసు మార్చుకుని వెనక్కి మళ్లే దేశంలో, వేరుశనగ చేలు మేఘాగమన ప్రతీక్షాపరాయణలై నోళ్లు తెరిచే పీఠభూమిలో, ఎర్రమట్టి, నల్లబండ కాక మూడో రంగు చూడాలంటే ధర్మవరం పట్టుచీర మడత విప్పవలసిన ధూళిధూసరిత ధరాతలంలో, శ్రావణ బహుళ అమావాస్య నాడు, ప్రచండ మార్తాండుడు నడినెత్తి దిగి పడమటికి ఒరుగుతున్న వేళ ఒక మహాసంగ్రామం జరిగింది. ఆ సంగ్రామంలో హతులు లేరు. తడిసినవారున్నారు. వారి కథే ఇది.

వీరుడు ఓబిలేషు. పట్టుతంతు సంధాన విశారదుడు, మగ్గంగుంత సింహాసనాధీశ్వరుడు, తెగిన పోగును రెప్పపాటులో అతికించే కరలాఘవ ధురంధరుడు. పెళ్లయిన నాటి నుంచి భార్యను సినిమాహాలు దాటి ఎక్కడికీ తీసుకుపోని అచంచల స్థిరాసన దీక్షాపరుడు కూడా. ఆ భార్య పేరు హేమావతి. గుంతకల్లు రైల్వే ఉద్యోగి కూతురు, నాయన పాసు మీద చిన్నతనంలోనే సగం దేశాన్ని రైలు కిటికీలోంచి చూసిన దిగంత సంచార ధీర. పెళ్లయిన కొత్తలో ఆమె ప్రతి అమావాస్యకూ, ఆ రోజు మగ్గానికి సెలవు కనుక, యాడికన్నా పోదామా అని అడిగేది. పోనుపోను పండగలకు మాత్రమే అడిగింది. మొన్న ఆషాఢంలో, పొయ్యి ముందు నుంచి తలెత్తకుండా ఒక మాట అంది.

"ఇంగ నిన్ను యాడికీ పిల్సుకపొమ్మని అడగనులే."

కోపంగా అనలేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. పోట్లాడే భార్యతో కాపురం చేయడం ఓబిలేషుకు వచ్చు. అడగడం మానేసిన భార్యతో ఎట్లా చేయాలో తెలియదు. అతనికి భయం వేసింది. రాత్రింబవళ్లు పోగులు అతికే చేతికి, ఇది తెగితే అతికేది కాదని అర్థమైంది.

అప్పుడా వీరుడు మనసులో ఇట్లా గర్జించాడు: "ఓ మానధనా, గగనచుంబి శిఖరాగ్రము నుండి దుమికెడు మహాజలపాతమును, కృష్ణమృగ సందోహమును, శార్దూల ప్రముఖ వన్యసత్త్వ సంకులమగు జింకలకోన జాతీయ వనమును నీకు చూపి, నీ శిరస్సును ఆ జలధారా పాతమున తడుపకున్నచో ఈ ఓబిలేషు ఓబిలేషే కాడు." నోటి నుంచి మాత్రం ఈ పాటి వచ్చింది:

"అమాసకు జింకలకోనకు పోదాం. ఆడ ఫాల్స్ ఉండాదంట."

"నీ ఇష్టం," అంది హేమావతి.

అమావాస్య వచ్చింది. అద్దె ఆటో వచ్చింది. ఓబిలేషు తల్లి తిప్పమ్మ, ఎవరూ పిలవకపోయినా, క్యారియరు నిండా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు సర్దుకుని అందరికంటే ముందు ఆటోలో కూర్చుంది. ఆ విధంగా ఆహార విభాగంతో సహా చతురంగ బలాలు కదిలాయి.

వనద్వారం దగ్గర బోర్డు మీద చిరుతపులి బ్రహ్మాండంగా గాండ్రిస్తోంది. లోపల ముళ్లచెట్లు, బోదగడ్డి, బండలు. గార్డు ముందే హెచ్చరించాడు, పొద్దు వాలితే జంతువులు నీళ్లకు దిగుతాయని, అప్పుడు తాను విజిలు వేస్తానని, వేయగానే అందరూ బయటికి రావలసిందేనని. అల్లంత దూరాన గోధుమరంగు చుక్కలు కొన్ని కదిలాయి. ఓబిలేషు అవి కృష్ణజింకలని ప్రకటించాడు. తిప్పమ్మ గొర్రెలంది. కాసేపటికి వాటి వెనక ఒక కాపరి నడిచి వచ్చి తగవు తీర్చాడు.

"చిరతపులి యాడప్పా?" అంది తిప్పమ్మ.

"పండుకోనుంటాదిమా," అన్నాడు ఓబిలేషు.

"దానికీ అమాస సెలవేమో."

హేమావతి నవ్వలేదు. ఇక ఓబిలేషుకు మిగిలింది జలపాతమే.

ఆ జలపాత వైభవాన్ని ఏమని వర్ణించను? కొండ ఎత్తుకు వంక పెట్టలేం. బండ నునుపుకూ వంక పెట్టలేం. నీళ్ల సంగతే కొంచెం. శ్రావణంలో పడిన ఒకటి రెండు జల్లుల పుణ్యాన, వీధికుళాయి ధారకు అన్న వరస కాగలిగినంత లావున ఒక్క ధార, ఒక మనిషి నెత్తికి సరిగ్గా సరిపోయేటట్టు పడుతోంది. వచ్చిన జనం మాత్రం తిరునాళ్లకు వచ్చినంత.

వేరే దేశపు ప్రజలైతే అక్కడ తోసుకునేవారు, కేరింతలు కొట్టేవారు. వీళ్లు నీళ్ల ట్యాంకరు ముందు పెరిగిన మహాజనులు. నీటి ధార కనపడగానే ఎవరూ చెప్పకుండానే వరుస కట్టేశారు. అదీ మనుషులు నిలబడి కాదు. వీధిలో బిందెలు వరుసలో పెట్టి మనుషులు నీడకు పోయినట్టు, ఇక్కడ బిందెలు లేవు కాబట్టి చెప్పులు పెట్టారు. ధార దగ్గర నుంచి వేపచెట్టు దాకా చెప్పులు, మధ్యలో ఒక హెల్మెట్టు, ఒక రాయి, ఎవరిదో చంటిబిడ్డ టోపీ. వాటి యజమానులు నీడల్లో కూర్చుని తింటున్నారు. వరుస కదిలినప్పుడల్లా ఎవరో ఒకరు అందరి చెప్పులనూ కాలితో ముందుకు జరుపుతారు. ఎవరి చెప్పునూ ఎవరూ దాటించరు. ఇంత ధర్మబద్ధమైన రాజ్యాన్ని నేను పురాణాల్లో కూడా వినలేదు.

ఈ రాజ్యానికి రాణి బయమ్మ. పామిడి నుంచి వచ్చింది. ఆమెను ఎవరూ నియమించలేదు, ధార పక్కన బండ మీద కూర్చున్న తీరును బట్టి అందరూ లోబడ్డారు. ఒక్కొక్కరు ఒక బిందె నిండేంత సేపు ధార కింద ఉండవచ్చు. అక్కడ బిందె లేకపోయినా అది ఎప్పుడు నిండిందో బయమ్మకు తెలుస్తుంది. "నిండింది, రా ఇంగ," అంటే రావలసిందే.

ఓబిలేషు తన కుడికాలి చెప్పు వరుస చివర పెట్టాడు. అది ఇంచుమించుగా మధ్యాహ్నమంతా ప్రయాణం చేసింది. దాని ముందు హెల్మెట్టు ఒక్కటే మిగిలింది. ఓబిలేషు నీడలో ఉన్న భార్యను పిలవడానికి అటు తిరిగాడు.

సరిగ్గా అప్పుడు, వృక్షాగ్ర సంచార చతురుడు, కుటిల దంష్ట్రా వికట వదనుడు, సకల పాథేయ చౌర్య కళాకోవిదుడు అయిన ఒక ముదురు కోతి బండ మీద నుంచి దుమికి, అన్ని పాదరక్షల్లోనూ ఆ ఒక్కదాన్నే ఎత్తుకుని ఎగువ బండ ఎక్కి కూర్చుంది.

ఓబిలేషు బయమ్మ వైపు చూశాడు.

"చెప్పు ల్యాకుంటే వంతు ల్యా," అంది బయమ్మ.

"కోతి ఎత్తుకపోయింది కదక్కా. నువ్వే చూసినావు."

"చూసినా. మా వీధిలో గాలికి బిందె కొట్టుకపోయినా ఇదే మాట."

"ఈ ఎడమకాలుది పెడ్తా."

"అది కొత్త చెప్పు. తోకకు పో."

వరుస తోక వేపచెట్టును దాటిపోయి ఉంది. పొద్దు అప్పుడే పడమటికి ఒరుగుతోంది. అక్కడికి పోతే విజిలు పడేలోగా వంతు రాదు. ఓబిలేషు వెనక్కి చూశాడు. హేమావతి నీడలో కూర్చుని, ఇట్లాగే అవుతుందని ముందే తెలిసిన మనిషిలా, చీర కుచ్చిళ్లకు అంటుకున్న ముళ్లకాయలు ఒక్కొక్కటే పీకుతోంది. ఆ దృశ్యం అతన్ని బండెక్కించింది.

కాలిన బండ మీద ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి నిప్పుతో మన వీరుడు ఆరోహణం సాగించాడు. రాయి అందుకున్నాడు. కానీ ఊరూరా ఆంజనేయుడు కొలువున్న సీమలో పుట్టినవాడు కోతిని ఎట్లా కొడతాడు? రాయి కింద పడేసి చేతులు జోడించాడు.

"ఇచ్చెయ్ సామీ. మా ఆడమనిషి వంతు అది."

కోతి చెప్పును చంకలో పెట్టుకుని పళ్లు చూపింది. ఓబిలేషు ఒకడుగు వేస్తే అది రెండడుగులు పైకి పోయింది. కింద జనమంతా తినడం ఆపి చూస్తున్నారు.

అప్పుడు తిప్పమ్మ క్యారియరుతో బండ మొదటికి వచ్చింది.

"ఆకలిగొన్న దాంతో మాటలేందిరా," అని ఒక పిడికెడు ఉగ్గాని బండ మీద పెట్టింది. కోతి దిగి వచ్చి ఒంటిచేత్తో తినింది. చంకలో చెప్పు కదల్లేదు. తిప్పమ్మ ఇంకో పిడికెడు పెట్టింది. అదీ తినింది. చివరికి ఆమె ఒక మిరపకాయ బజ్జీ తీసి పెట్టింది. తిప్పమ్మ బజ్జీలు తినడానికి వాళ్ల వీధిలో మగవాళ్లే చెంబుడు నీళ్లు పక్కన పెట్టుకుంటారు. కోతి దాన్ని సగానికి కొరికింది.

మరుక్షణం ఆ వానర వీరుడు రెండు చేతులా మూతి పట్టుకున్నాడు. చంకలోని పాదరక్ష జారి, బండలను తాకుతూ, దొర్లుతూ వచ్చి బయమ్మ పాదాల దగ్గర పడింది. కోతి ఒక్క దూకులో ధార కిందికి వచ్చి నోరు తెరిచి నిలబడింది.

"దానికి వరస ల్యాదా అక్కా?" అన్నాడు హెల్మెట్టు ఆసామి.

"నోరు మండి వచ్చిండాది పాపం. తాగనీ," అంది బయమ్మ. కోతి కడుపునిండా తాగింది. టికెట్టు కొన్నందుకు అందరూ తనివితీరా చూసిన వన్యప్రాణి అదొక్కటే. అది పోయాక హెల్మెట్టు వంతూ అయింది. బయమ్మ ఆ చెప్పును కాలితో ధార ముందుకు జరిపి, "ఎవురిదిది? రాండి," అంది.

హేమావతి లేచింది. నడిచి వచ్చి, బండ దిగి, కాలిన కాలు ఎత్తిపట్టుకుని నిలబడిన మొగుణ్ని ఒకసారి చూసి, ధార కిందికి పోయింది. నీళ్లు నెత్తిన పడగానే ఊపిరి బిగబట్టింది. తర్వాత ముఖం పైకెత్తింది. జడ తడిసింది, చీర తడిసింది, ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో ఓబిలేషుకు గుర్తు రాలేదు, దానికి అతనికి సిగ్గేసింది. ఆనాడు బయమ్మ మనసులోని బిందెకు అడుగున చిల్లు పడినట్టుంది, అది ఎంతకీ నిండలేదు.

ఎట్టకేలకు బయటికి వచ్చిన హేమావతి నీడకు పోలేదు. నీళ్లు కారుతూ వరుస పొడవునా నడిచి, వేపచెట్టు దాటి, అన్నిటికీ వెనక తన చెప్పు విడిచింది. ఓబిలేషు కుంటుతూ వెంట వచ్చాడు.

"ఈపొద్దు ఇంగ వంతు రాదేమో," అన్నాడు.

"రాకపోతే మళ్లా అమాసకు పిల్సుకరా."

ఇంతలో గార్డు విజిలు వేశాడు. ఆ విజిలే విజయశంఖం కాగా, పట్టుతంతు విశారదుడు, వానర సమర ధీరుడు, మగ్గంగుంత సింహాసనాధీశ్వరుడు అయిన ఓబిలేషు, భార్య చేత మళ్లీ ఒక్కసారి అడిగించుకున్నాడని ముల్లోకాలకూ తెలియజేయడమైనది.